దేహం చెబుతుందిలే అనుకోకు

చి. శ్రీకాంత్‌కు,

వచ్చే నెల 14 రోజులు మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టనని, ఆ ఫ్లాట్‌లో ఒక్కడివే ఉండి, ఆఫీసు పని ఇంటి నుంచే చూసుకుంటూ ఉపవాసం కానిచ్చేస్తానని రాశావు. బరువు తగ్గాలి, బీపీ బిళ్ల వదిలించుకోవాలి, అంచుల దాకా వచ్చిన షుగరును అక్కడే ఆపాలి అన్నావు. మూడూ మంచి కోరికలే. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, దాని గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు ఇంకో 13 కోట్ల పైచిలుకని 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. ఆ లెక్కలో చేరకూడదని 29 ఏళ్ల వయసులోనే నువ్వు పట్టుబట్టడం నాకు సంతోషంగానే ఉంది. ఉపవాసం మాట వినగానే గుండెలు బాదుకునే పెద్దవాళ్ల జాబితాలో నన్ను వెయ్యకు. నీ ఉత్తరంలో నేను ఒప్పుకోలేనిది ఒక్క వాక్యమే. "తేడా వస్తే శరీరమే చెబుతుంది, వెంటనే ఆపేస్తాను" అన్నావు చూడు, అది. డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడానికీ, పరీక్షలు చేయించుకోకపోవడానికీ, పక్కన మనిషి లేకపోయినా ఫర్వాలేదనుకోవడానికీ నువ్వు నమ్ముకున్నది ఆ వాక్యాన్నే. దాన్ని ఎందుకు నమ్మకూడదో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

తిండి ఆగిపోయాక మొదటి రోజు శరీరం కాలేయంలో దాచుకున్న పిండిపదార్థంతో గడుపుకొస్తుంది. అది ఇంచుమించు 100 గ్రాములు, ఒక రోజులో ఖాళీ అయిపోతుంది. మెదడుకేమో రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజు కావాలి. అందుకని రెండో రోజు నుంచి కండలోని ప్రోటీను కరిగించి దాన్నే గ్లూకోజుగా మార్చుకుంటుంది. ఈలోగా కొవ్వు నుంచి కీటోనులు తయారవడం పుంజుకుంటుంది. కొన్నాళ్లకు మెదడు తన ఇంధనంలో సగానికి పైగా వాటి నుంచే తీసుకునే స్థితికి వస్తుందని 1960లలో బోస్టన్‌లో జార్జ్ కేహిల్ బృందం తేల్చింది. నువ్వు చూసే వీడియోలవాళ్లు వర్ణించే "మూడో రోజు దాటాక ఆకలే వెయ్యదు, తల తేలిగ్గా ఉంటుంది, హుషారొస్తుంది" అన్న మాట అబద్ధం కాదు, చాలామందికి అలాగే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇన్సులిన్ తగ్గగానే మూత్రపిండాలు సోడియాన్ని బయటికి వదిలేస్తాయి, దాని వెంట నీరూ పోతుంది. మొదటి వారంలో తూకం యంత్రం మీద కనబడి మురిపించే కిలోల్లో పెద్ద భాగం ఈ ఉప్పూ నీరే. పొటాషియం, మెగ్నీషియం కూడా రోజూ కొంత జారిపోతుంటాయి, లోపలికి మాత్రం ఏమీ రాదు. గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి ఆధారం ఈ లవణాలే. ఆకలికి నోరుంది, పొటాషియానికి లేదు. అది ఎంత పడిపోయిందో తెలియాలంటే రక్తపరీక్ష చెయ్యాలి, గుండె మీద ఏం ప్రభావం చూపుతోందో తెలియాలంటే ఈసీజీ తియ్యాలి. అంటే, ప్రమాదం పెరిగే రోజుల్లోనే నీకు లోపల బాగున్నట్టు అనిపిస్తుంది.

పోనీ తేడా తెలిసేంతగా వచ్చిందే అనుకుందాం. తెలుసుకోవాల్సింది ఎవరు? సోడియం బాగా పడిపోతే మొదట దెబ్బ తినేది మెదడే. మత్తుగా ఉండటం, మాట తడబడటం, ఏ పూట ఏదో తెలియని అయోమయం. ఆ స్థితిలో ఉన్న మనిషి "నా పరిస్థితి బాగాలేదు, ఇక ఆపాలి" అని తేల్చుకోగలడా? పైగా తొమ్మిది రోజులు లాక్కొచ్చినవాడికి పదో రోజు ఆపడానికి మనసొప్పదు. నీ సంగతి నాకు తెలియనిదా, పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆపమని చెప్పే అధికారం నీకు కాకుండా ఇంకొకరికి ఉండాలనేది అందుకే.

ఇంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. 15వ రోజు పొద్దున పుచ్చకాయ రసం, మధ్యాహ్నం అమ్మ చేతి భోజనం అని రాసుకున్నావు. మొత్తం ప్రణాళికలో నాకు ఎక్కువ భయం కలిగించింది ఆ మధ్యాహ్న భోజనమే. ఎక్కువ రోజులు పస్తున్న శరీరంలోకి ఒక్కసారిగా అన్నమో, తీపి రసమో పడగానే ఇన్సులిన్ ఎగదన్నుకొస్తుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి. అప్పటికే అడుగంటిన థయమిన్, అదే బీ1 విటమిన్, ఆ పిండిపదార్థాన్ని అరిగించుకోవడంలో పూర్తిగా ఖర్చయిపోతుంది. ఫలితంగా గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడవచ్చు, ఒళ్లు నీరు పట్టవచ్చు. డాక్టర్లు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలితో చిక్కిపోయిన ఖైదీలు విడుదలై, తిండి దొరికాక చనిపోవడం చూసే వైద్యలోకం దీన్ని సరిగ్గా గుర్తించింది. ఇందులో ఒక మాయ ఉంది. ఉపవాసం ఉన్నన్ని రోజులూ రక్తంలో ఫాస్ఫేటు మామూలుగానే కనబడవచ్చు, ఎందుకంటే కరుగుతున్న కణాల నుంచి అది రక్తంలోకి వస్తూనే ఉంటుంది. నిల్వ ఖాళీ అయిన సంగతి తినడం మొదలెట్టాకే బయటపడుతుంది. 1969లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక కేసులో, స్థూలకాయం తగ్గించుకోవడానికి 30 వారాలు ఉపవాసం ఉన్న 20 ఏళ్ల అమ్మాయి ఆ ఉపవాస కాలమంతా గట్టెక్కి, తిరిగి తినిపిస్తున్న రోజుల్లో గుండె లయ తప్పి చనిపోయింది. పరీక్షించి చూస్తే గుండె కండరపు పోగులే ముక్కలై ఉన్నాయి. 30 వారాలెక్కడ, 14 రోజులెక్కడ అంటావు. నిజమే. కానీ బ్రిటన్‌లో నైస్ సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడు. 5 రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి మొదట అవసరంలో సగానికి మించి పెట్టవద్దంటాయి. 10 రోజులు దాటితే అదొక్కటే చాలు, తీవ్ర ప్రమాదం ఉన్నవాడిగా లెక్కగట్టి, కిలో బరువుకు రోజుకు 10 కేలరీలకు మించకుండా మొదలెట్టి, థయమిన్ ముందుగా ఇచ్చి, రక్తపరీక్షలు చేస్తూ నెమ్మదిగా పెంచమంటాయి. 90 కిలోల నీకు అది తొలిరోజుకు 900 కేలరీలు, అదీ చిన్నచిన్న విడతల్లో. అమ్మ పెట్టే పప్పు, వేపుడు, ముద్దముద్దకీ నెయ్యి, చివర పెరుగన్నం కలిపితే ఒక్క పూటలోనే ఆ గీత దాటేస్తావు.

ఇదంతా ఇంగ్లిషు వైద్యుల బెదిరింపు అనిపిస్తే మన ఇళ్లలో సంగతే చూసుకో. లంఖణం పరమౌషధం అని నీ ఉత్తరంలో నువ్వే గుర్తు చేశావు. ఆ మాట చెప్పిన పెద్దవాళ్లు లంఖణాల తర్వాత పథ్యం పెట్టే రోజును ఎంత జాగ్రత్తగా చూసేవారో మాత్రం మరిచిపోయావు. జ్వరానికి లంఖణాలు కట్టించాక మొదటి పూట జావ, తర్వాత పాతబియ్యం మెత్తగా వండి బీరకాయో పొట్లకాయో ఉప్పూకారం తగ్గించి వండిన కూరతో రెండే ముద్దలు, మిరియాల చారు. రోగి ఎంత ఏడ్చినా మూడో ముద్ద పెట్టేవారు కాదు. చరక సంహిత కూడా శోధన చికిత్స తర్వాత పలచని గంజి, చిక్కని గంజి, పప్పు కట్టు అంటూ మెట్లు మెట్లుగా తిండికి రమ్మంటుంది. ఫాస్ఫేటు పేరు వాళ్లకు తెలియకపోవచ్చు, ఆపద ఎక్కడ పొంచి ఉంటుందో తెలుసు. ఏకాదశి ఉపవాసాలూ, చుక్కను చూసి భోజనం చేసే కార్తీక సోమవారాలూ గంటల లెక్కలోవి. పాలు, పళ్లు పుచ్చుకునే వెసులుబాటు వాటిలో చాలావాటికి ఉంది. మీ నాయనమ్మ ఏకాదశులు ఉండి 80 దాటిందన్న మాట 14 రోజుల నీళ్ల ఉపవాసానికి సాక్ష్యం కాదు.

గాంధీగారి పేరు కూడా తెచ్చావు. 1943 ఫిబ్రవరి 10 నుంచి మార్చి 3 దాకా పుణే ఆగాఖాన్ భవనంలో 73 ఏళ్ల వయసులో ఆయన 21 రోజులు ఉపవాసం చేశారు, నిజమే. కానీ ఆయన చుట్టూ ఎవరున్నారో చూడు. కలకత్తా నుంచి వచ్చిన బిధాన్ చంద్ర రాయ్, గుండె వైద్య నిపుణుడు గిల్డర్, ఇంటి మనిషిలాంటి సుశీలా నయ్యర్, వీళ్లు కాక ప్రభుత్వ వైద్యులు. రోజూ ఆరోగ్య ప్రకటన వెలువడేది. నీళ్లు కడుపులో ఇమడక పరిస్థితి విషమించినప్పుడు నీళ్లలో బత్తాయి రసం కలిపి ఇచ్చారు. ఆ ఉపవాసం ప్రాణత్యాగానికి కాదని, తన శక్తి మేరకేనని ఆయన ముందే చెప్పుకున్నారు. ఇక పొట్టి శ్రీరాములుగారి దీక్ష మనకు తెలిసిందే. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలై డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది. ఆయన ప్రాణాన్ని పణంగా పెట్టడానికే కూర్చున్నారు. ఆ త్యాగానికి చేతులెత్తి మొక్కుతాం గానీ, బరువు తగ్గే పద్ధతికి దాన్ని కొలమానంగా తీసుకోలేం కదా.

స్కాట్లండ్ మనిషి 382 రోజులు ఏమీ తినకుండా బతికాడన్న కథ నీకు బాగా పట్టినట్టుంది. అది కథ కాదు, 1973లో వైద్యపత్రికలో అచ్చయిన కేసే. 1965 నుంచి 66 దాకా డండీలో 207 కిలోల బరువున్న 27 ఏళ్ల యువకుడు ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో అన్నాళ్లు గడిపి 82 కిలోలకు దిగాడు. అతనికి విటమిన్లిచ్చారు, ఈస్టు ఇచ్చారు, అవసరమైన రోజుల్లో పొటాషియం, సోడియం ఇచ్చారు, రక్తమూ మూత్రమూ పరీక్షిస్తూ వచ్చారు. అతని ఒంట్లో 100 కిలోలకు మించి అదనపు ఇంధనం ఉంది, నీ దగ్గర 20 కూడా లేదు. అదే దశాబ్దంలో అదే చికిత్సలో, ఆసుపత్రుల్లోనే, కొందరు చనిపోయారు. ఆ మరణాలు లాన్సెట్ లాంటి పత్రికల్లో వచ్చాక స్థూలకాయానికి నిరాహార చికిత్సను వైద్యులు చాలావరకు పక్కన పెట్టేశారు. చనిపోయినవాళ్ల మీద ఎవరూ వీడియో చెయ్యరు, అందుకే నీ ఫోనులో బతికినవాడొక్కడే కనబడతాడు. నువ్వు రాసిన నోబెల్ సంగతీ అంతే. 2016లో యోషినోరి ఒసుమికి వచ్చిన బహుమతి, కణం తన చెత్తను తానే తినే తీరును ఈస్టు కణాల్లో విప్పి చూపినందుకు. మనిషి ఎన్నో రోజు ఉపవాసంలో ఎంత శుభ్రపడతాడో ఆ పరిశోధన చెప్పలేదు. "72 గంటలకు ఇంత శాతం" అని పట్టికలు వేసేవాళ్లను ఏ పరీక్షతో కొలిచారో అడిగి చూడు.

నీ పక్షాన నిలిచే సాక్ష్యం లేదని అనను, ఉంది. జర్మనీలోని ఒక ఉపవాస చికిత్సాలయం 1,422 మందిని 4 నుంచి 21 రోజులు ఉపవాసం ఉంచి, దుష్ప్రభావాలు నూటికి ఒకరిలో కూడా లేవని 2019లో ప్రకటించింది. అయితే వాళ్లకిచ్చింది ఒట్టి నీళ్లు కాదు, రసాలూ సూపులూ కలిపి రోజుకు 200 నుంచి 250 కేలరీలు. అచ్చంగా నీళ్లతోనే చేయించే కాలిఫోర్నియా కేంద్రం ఒకటి తమ దగ్గర జరిగిన 768 ఉపవాసాల రికార్డులు తిరగేసి 2018లో ఫలితాలు చెప్పింది. ఎక్కువ మందికి నీరసం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం లాంటి చిన్న ఇబ్బందులే. తీవ్రమైనవి రెండు, ఒంట్లో నీరు ఆరిపోవడం ఒకటి, సోడియం పడిపోవడం ఒకటి. ఈ లెక్కలు నిజమైనవే, వీటిని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు కూడా. కానీ అక్కడ తగనివాళ్లను గుమ్మంలోనే వెనక్కి పంపుతారు, మందులు ముందే తగ్గిస్తారు, రోజూ వైద్యుడు చూస్తాడు, తిరిగి తిండికి తెచ్చే రోజులు కూడా వాళ్ల కళ్ల ముందే గడుస్తాయి. ఆ క్షేమం ఆ ఏర్పాటుది. ఏర్పాటును తీసేసి అంకెను మాత్రం నీ ఫ్లాట్‌కు తెచ్చుకుంటే ఎలా?

ఇప్పుడు నీ బిళ్ల సంగతి. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపిన మాత్ర రోజూ పొద్దున వేసుకుంటున్నావు. ఉపవాసం తనంతట తానే బీపీని దించుతుంది. రక్తపోటున్న 174 మందికి వైద్యుల పర్యవేక్షణలో సగటున 10, 11 రోజులు నీళ్ల ఉపవాసం చేయించిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. పై అంకె సగటున 37 పాయింట్లు పడిందని అందులో తేలింది. దీనికి మాత్ర ప్రభావం కూడా తోడైతే అర్ధరాత్రి మంచం మీంచి లేచి బాత్‌రూము దాకా నడిచేలోపే కళ్లు చీకట్లు కమ్మి పడిపోతావు. మూలకు తల తగిలితే లేపేవాళ్లు లేరు. ఆ మాత్రలో రెండో మందు సోడియాన్నీ పొటాషియాన్నీ ఇంకా బయటికి నెడుతుంది. మరి ఎలక్ట్రోలైట్ పొడి కలుపుకుని తాగుతానన్నావు కదా? మొదటి మందు పొటాషియాన్ని ఒంట్లో నిలబెట్టే రకం. పరీక్ష లేకుండా పొటాషియం పొడి చెంచాలతో వేసుకుంటే అది హద్దు మీరి పెరిగి, తగ్గినా పెరిగినా గుండెకు ముప్పే అన్న పరిస్థితి వస్తుంది. అలాగని మాత్ర నీ అంతట నువ్వు మానెయ్యకు. ఎప్పుడు సగం చెయ్యాలో, ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో బీపీ రోజూ చూసే డాక్టరే చెప్పాలి. రోజుకు ఆరు లీటర్లు తాగి "డిటాక్స్" చేసుకోవాలన్న సలహా మరీ ప్రమాదం, లోపలికి ఉప్పు రాని రోజుల్లో అన్ని నీళ్లు సోడియాన్ని ఇంకా పలచన చేస్తాయి.

నీతోపాటు తనూ చేస్తానన్నాడే ఆ స్నేహితుడు, షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాడని రాశావు. ఈ ముక్క అతనికి చదివి వినిపించు. 2020లో పేటెంటు తీరాక చాలా కంపెనీలు చేస్తుండటంతో ఆ మందు చవకై విరివిగా వాడుకలోకి వచ్చింది. మంచి మందే. కానీ అది వేసుకుంటూ తిండి మానేస్తే రక్తం ఆమ్లంగా మారిపోయే కీటోఎసిడోసిస్ రావచ్చు. మామూలుగా ఆ జబ్బులో షుగరు 300, 400 చూపించి హెచ్చరిస్తుంది. ఈ మందుతో వచ్చినప్పుడు గ్లూకోమీటరు మీద 150 లాంటి అమాయకపు అంకె కనబడవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఉపవాసం వల్లేలే అని సర్దుకుంటారు, ఆసుపత్రికి చేరేసరికి ఐసీయూ దాకా వెళుతుంది. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లకు దీనికి తిరగబడ్డ ఆపద, షుగరు బాగా పడిపోయి స్పృహ తప్పడం.

డాక్టరు దగ్గరికెళితే వద్దనే అంటాడు, ఇక ఎందుకు వెళ్లడం అన్నావు. కొందరు అలాగే అంటారు, ముఖం కూడా చూడకుండా. వాళ్లను సమర్థించను. అయినా వద్దన్నప్పుడు ఎందుకు వద్దో అడిగే హక్కు నీకుంది. జనరల్ మెడిసిన్ ఎం.డి. చేసినవారి దగ్గరికి వెళ్లి, "ఉపవాసం చెయ్యాలనుకుంటున్నాను, నాకు తగునో లేదో చూసి చెప్పండి" అని మొదలెట్టు. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, షుగరు, యూరిక్ యాసిడ్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించమని నువ్వే అడుగు. యూరిక్ యాసిడ్ ఎందుకంటే, పస్తుంటే అది పెరుగుతుంది, గౌటు ఉన్నవాడికి బొటనవేలు కీలు నిప్పులా మండుతుంది. ప్రకృతి చికిత్సాలయంలో చేరతానన్నా నాకు అభ్యంతరం లేదు, ఐదున్నరేళ్ల బి.ఎన్.వై.ఎస్. చదువు చదివినవాళ్లు మన దగ్గర ఉన్నారు. వెళ్లే ముందు మాత్రం ఫోను చేసి కనుక్కో. వైద్యుడు రోజూ చూస్తాడా, లవణాల పరీక్ష ఆ రోజుకారోజే వస్తుందా, రాత్రిపూట గుండె దడ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు, తిండి మొదలెట్టే వారం కూడా అక్కడే ఉంచుకుంటారా. చివరిదానికి "అక్కర్లేదండీ, ఇంటికెళ్లిపోవచ్చు" అన్నారంటే ఆ చోటు వద్దు. నిమ్మరసం, తేనె కలిపిన నీళ్లిస్తామంటే అది కల్తీ ఉపవాసమని మొహం తిప్పుకోకు, ఆ కాసిని కేలరీలు నీకు మేలే చేస్తాయి.

పరీక్షలన్నీ బాగున్నాయని, రెండు మూడు రోజులతో మొదలెట్టమని డాక్టరు చెబితే ఆ రెండు మూడు రోజులే చెయ్యి. 14 అన్న అంకెకు శాస్త్రంలో ప్రత్యేకత ఏమీ లేదు, ఎవరో వీడియోలో పెట్టుకున్న గడువది. ఏప్రిల్, మే ఎండల్లో వద్దు, చెమటతో పోయే ఉప్పు వేరే. ఉపవాసం ఉన్న రోజుల్లో బండి నడపకు, బాత్‌రూము తలుపు గడియ పెట్టకు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మాటలో తేడా వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి. ఇంట్లో అన్నం తిని సర్దుకుందామనుకోకు, ఎందుకో పైన రాశాను.

ఆదివారం లోపు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని నాకు ఫోను చెయ్యి. వెళ్లేటప్పుడు మందుల అట్టలు సంచిలో వేసుకుని వెళ్లు. "ఏదో బీపీ బిళ్లండీ, తెల్లగా ఉంటుంది" అంటే ఆయన చేతిలో కూడా ఏమీ ఉండదు.

మీ పెదనాన్న